ఊరికి చెప్పాల్సిన లెక్క

(అనంతసాగరంలో చేసిన స్మారక ఉపన్యాసానికి అచ్చుపాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు అక్షరదీపం అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో ఈ చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిబడి నడిపినవారు. బతికున్నంత కాలం తన పేరు ఏ కరపత్రం మీదా వేయనివ్వలేదు. ఆయన పిల్లలు ఆ మాట నిలబెడుతున్నారు. అందుకని నేనూ ఆయన్ని మాస్టారనే అంటాను. యూనివర్సిటీ చదువుల్లో సమాజ సేవ ద్వారా సామాజిక న్యాయం నేర్పడం ఎట్లా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. డిగ్రీ తరగతులకు అర్థశాస్త్రం చెబుతూ, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లల్ని వెంటబెట్టుకొని ఊళ్లు తిరిగిన మనిషిని. ఆ అనుభవం మీద నిలబడి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సేవ పేరుతో ఊళ్లోకి వెళ్లిన విద్యార్థి తాను చూసినదానికి లెక్క ముందు ఆ ఊరికి అప్పజెప్పాలి, తర్వాతే కాలేజీకి. ఈ వరస తలకిందులుగా ఉన్నంత కాలం పిల్లలకు మార్కులొస్తాయి, సర్టిఫికెట్లొస్తాయి, న్యాయం గురించి మాత్రం ఏమీ ఒంటబట్టదు.

దీనికి రుజువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట ఉంది.

1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దానికి అక్షరదీపం అని పేరు. చదువుకున్న యువకులు, యువతులు, బడిపంతుళ్లు జీతం బత్తెం లేకుండా వాలంటీర్లుగా దిగారు. కళాజాతాలు ఊరూరా పాటలు, వీధి నాటకాలు ప్రదర్శించాయి. రాత్రిపూట లాంతరు వెలుగులో, వీధి దీపం కింద తరగతులు జరిగాయి. కూలికి పోయిన ఆడవాళ్లు ఇల్లు చేరి, వంట చేసి, పిల్లలకు పెట్టిన తర్వాతే పలక పట్టేవాళ్లు. వాళ్లకిచ్చిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. భర్త సారా వ్యసనం వల్ల ఒక కూలి మనిషి సంసారం ఎట్లా కూలిపోయిందో చెప్పే కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన ఆడవాళ్లకు అది ఎవరి కథో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. పక్కింట్లో జరిగిందే, తమ ఇంట్లో జరుగుతున్నదే.

అప్పటి సారా వ్యాపారం సంగతి ఇక్కడున్న చిన్నవాళ్లకు తెలియదు. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో సరఫరా చేసేది. వేలం పాటలో దుకాణం దక్కించుకున్న కాంట్రాక్టరు మనుషులు దాన్ని పల్లె పల్లెకూ చేర్చేవాళ్లు. మగవాడి కూలి డబ్బులు ఇంటి గడప తొక్కకముందే సారా కొట్లో జమ అయ్యేవి. ఖజానాకు ఆదాయం, కాంట్రాక్టరుకు లాభం, ఆడదానికి దెబ్బలు, పిల్లలకు పస్తులు. ఈ లెక్క ఆ ఆడవాళ్లకు ఎవరూ నేర్పలేదు. సారా చెడ్డదని వాళ్లకు అవగాహన కల్పించాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆ మాట మనందరికంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. మరి రాత్రిబడి వాళ్లకు ఇచ్చిందేమిటి? రోజూ ఒక వేళకు నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చునే వీలు ఇచ్చింది. ఎవరి ఇంట్లో వాళ్లు మింగుకున్న బాధను అందరి బాధగా బయటికి చెప్పుకునే సందు ఇచ్చింది. అధికారి ముందు నిలబడి అర్జీ ఇవ్వొచ్చునన్న ధైర్యం ఇచ్చింది. దూబగుంటలో ఆడవాళ్లు కదిలి ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్ల ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిశారు. 2016లో ఆమె కన్నుమూశారు.

తర్వాత జరిగినది చదువు చెప్పేవాళ్లంతా గమనించాలి. దూబగుంట ఆడవాళ్లు చేసిన పని మలి దశ వాచకంలో ఆడవాళ్లు ఏకమైతే అనే పాఠమయింది. ఆ పాఠం చదివి మిగతా ఊళ్ల ఆడవాళ్లు తమ ఊరి కొట్ల మీదికి వెళ్లారు. 1992లో జిల్లాలో సారా పాటలు జరగనివ్వకుండా అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలయింది. 1997లో దాన్ని ఎత్తేశారు. సారా పోరాటంలో కూడిన ఆడవాళ్లతోనే నెల్లూరులో పొదుపులక్ష్మి మొదలయింది, రోజుకొక రూపాయి దాచుకునే పథకం. పొదుపును ప్రభుత్వాలన్నీ నెత్తికెత్తుకున్నాయి. ఆ ఆడవాళ్లు అడిగిన ప్రశ్నను, అంటే కూలివాడి తాగుడు మీద ఖజానా బతకడం ఏమి న్యాయం అన్న ప్రశ్నను, పక్కన పెట్టేశాయి. ఈ ఒక్క సంగతి చాలు, సేవకూ న్యాయానికీ మధ్య ఎంత దూరముందో తెలియడానికి.

వాలంటీరుగా వెళ్లిన కుర్రవాడికి అక్కడ దొరికిన చదువు ఎట్లాంటిదో ఆలోచించండి. వాడు అక్షరాలు దిద్దించడానికి వెళ్లాడు. సారా ప్రశ్న లేవనెత్తింది దిద్దుకునేవాళ్లు. ఊరు నడిచిన దారిలో పాఠ్యపుస్తకం నడిచింది, ఊరు చేసిన పని మళ్లీ పాఠమై ఇంకో ఊరికి చేరింది. బ్రెజిల్‌లో విద్యావేత్త పౌలో ఫ్రెయిరే 1963లో ఇట్లాగే అంజీకోస్ అనే ఊళ్లో దాదాపు 300 మంది కూలీలకు వాళ్ల బతుకులోని మాటలతోనే చదువు చెప్పి చూపించాడు. మరుసటి ఏడాదే సైనిక ప్రభుత్వం వచ్చి ఆయన్ని జైల్లో పెట్టింది, ఆ తర్వాత ఆయన దేశం విడిచిపోవాల్సి వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు ఆయన పేరు విని ఉండరు. అయినా ఆయన పుస్తకాల్లో చెప్పినదాన్ని వాళ్లు చేసి చూపించారు.

ఇక మన కాలేజీల సంగతికి వస్తాను.

ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబరు 24న గాంధీ శతజయంతి ఏట 37 యూనివర్సిటీల్లో మొదలయింది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఇష్టమున్నవాళ్లే చేరేవాళ్లు. ఇప్పుడు మన రాష్ట్రంలో అది దాటి ఇంకో అడుగు పడింది. ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయిన తర్వాత వచ్చే వేసవి సెలవుల్లో 180 గంటలు, దానికి 4 క్రెడిట్లు. ముందు ఊళ్లో సామాజిక ఆర్థిక సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమాలు, తర్వాత ఊళ్లో ఏదైనా పనిలో పాల్గొనడం, చివరికి రిపోర్టు. రోజువారీ లాగ్‌బుక్కు రాయాలి, ఒక అధ్యాపకుడు మెంటరుగా ఉండాలి. కాగితం మీద చూస్తే ఇది చాలా మంచి ఆలోచన. బి.ఎ., బి.కాం., బి.ఎస్‌సి. అన్న తేడా లేకుండా ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ ఒక ఊరిని దగ్గరగా చూడాలనడం చిన్న విషయం కాదు. దీన్ని తీసెయ్యమనేవాళ్లతో నేను ఏకీభవించను. ఉండాలి. ఇప్పుడు నడుస్తున్న తీరు మాత్రం మారాలి.

ఎట్లా నడుస్తోందో మీకు తెలుసు. వేసవిలో పొద్దున పదకొండు గంటలకు సర్వే ఫారాలు పట్టుకొని పిల్లలు ఊళ్లోకి వస్తారు. ఆ వేళకు కూలికి పోయినవాళ్లు తిరిగి రారు, ఉపాధి పనికి తెల్లారుజామునే పోయినవాళ్లు అప్పుడే వచ్చి వాలిపోయి ఉంటారు. దొరికేది ముసలివాళ్లు, చిన్నపిల్లలు. వాళ్లనడిగి ఫారం నింపేస్తారు. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా? ఉంది, లేదు అని రెండు గడులు. ఒకసారి మా పిల్లలతో పాటు ఒక ఎస్సీ కాలనీలో తిరుగుతుంటే ఒక అవ్వ 'ఉండాది' అంది. పిల్లవాడు 'ఉంది' మీద టిక్కు పెట్టి పక్కింటికి కదిలాడు. నేను తలుపు తీసి చూశాను. లోపల ఎండు పుల్లలు, రెండు బస్తాల చెనక్కాయ పొట్టు, ఒక విరిగిన నాగలి. ఎందుకమ్మా ఇట్లా అంటే, 'నీళ్లు యాడుండాయి నాయనా దాంట్లో పొయ్యడానికి? తాగేదానికే రెండు బిందెలు దొరికితే గొప్ప' అంది. ఫారంలో దానికి గడి లేదు. ఆ ఇంటి మరుగుదొడ్డి సర్కారు లెక్కలో ఉంది, మా సర్వేలోనూ ఉంది, ఆ అవ్వ బతుకులో లేదు. ఆ పిల్లవాణ్ణి వెనక్కి పిలిచి, టిక్కు కొట్టేసి పక్కన ఆమె మాటనే రాయమన్నాను. మా సర్వే మొత్తంలో పనికొచ్చిన వాక్యం అదొక్కటే.

అదే అవ్వ ఇంకో మాట అడిగింది. 'అబ్బయ్యా, పోయినేడు కూడా ఇట్టానే ఎవురో వొచ్చి రాసుకోని పోయినారు. ఆ కాయితాలన్నీ యాడ పెట్టుంటారు?'

దీనికి మన కాలేజీలు జవాబు చెప్పాలి. ఆ కాగితాలు స్పైరల్ బైండింగ్ వేసుకొని డిపార్టుమెంటు బీరువాల్లోకి పోతున్నాయి. అవైనా నిజంగా ఊరు తిరిగి రాసినవైతే కొంత నయం. కొన్ని జిరాక్స్ షాపుల్లో పోయినేటి రిపోర్టే ఊరి పేరు మార్చి చేతికిస్తున్నారు. ఊరికి పోకుండానే సేవ పూర్తి, నాలుగు క్రెడిట్లు జమ. పిల్లల్ని తిట్టి లాభం లేదు. రాసినదాన్ని ఆ ఊళ్లో ఎవరూ చదవరని వాళ్లకు తెలుసు. చదివేవాళ్లు లేని రాతలో నిజం ఉండాల్సిన పని ఏముంది?

అవగాహన కార్యక్రమాలది ఇంకో బాధ. చేతులు కడుక్కోండి, ప్లాస్టిక్ వాడకండి, బాల్య వివాహాలు మానండి అని ప్లకార్డులు పట్టుకొని వీధి చుట్టి ఫొటో దిగుతారు. ఊరికి తెలియదు, మనకే తెలుసు అన్న నమ్మకం ఇందులో ఉంది. కొన్ని విషయాల్లో అది నిజమే కావచ్చు. కాని చేతులు కడుక్కోమని చెప్పే ముందు నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో, ఎవరి వీధికి ముందు వస్తున్నాయో, ట్యాంకు తాళంచెవి ఎవరి చేతిలో ఉందో అడగాలి. అడిగితే ఊరు చెప్పడం మొదలుపెడుతుంది.

నీళ్లంటే గుర్తొచ్చింది, మనం కూర్చున్న ఈ మండలంలోనే సోమశిల ఉంది. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం. దానికోసం మునిగిపోయిన ఊళ్లు ఎక్కువగా ఎగువన కడప జిల్లావి. ఆ నీళ్లతో దిగువన డెల్టా పండుతుంది, కండలేరు మీదుగా చెన్నైకి తాగునీళ్లు పోతాయి. చెన్నై దప్పిక తీరడం మనకు సంతోషమే. కాని డ్యాము కనుచూపు మేరలో ఉన్న మెట్ట పల్లెలు ఎండాకాలం ట్యాంకరు కోసం చూస్తాయి. ఉదయగిరి, మర్రిపాడు, వరికుంటపాడు వైపు బోర్లలో ఫ్లోరైడ్ నీళ్లు. హైలెవెల్ కాలువ కోసం ఈ మెట్ట ఏళ్ల తరబడి ఎదురు చూస్తోంది. సామాజిక న్యాయం అనే మాటకు అర్థం చెప్పడానికి ఇంతకంటే మంచి తరగతి గది ఏ యూనివర్సిటీలో ఉంది? పిల్లల్ని సోమశిల గేట్ల దగ్గర నిలబెట్టి ఫొటోలు తీయించి తీసుకొస్తున్నాం. అక్కణ్ణించి ఏ నీళ్లు ఎటు పోతున్నాయో, ఏ ఊరు ఇచ్చింది, ఏ ఊరు పుచ్చుకుంది, ఎవరికి అందలేదో ఒక కాగితం మీద గీయించాలి. రెండు రోజుల పని. ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, అడగడం వస్తే చాలు.

అడగడంలో కూడా ఎవరు ఎవరిని అడుగుతున్నారన్నది ఉంటుంది. 1968లో ఇవాన్ ఇల్లిచ్ అనే ఆలోచనాపరుడు, మెక్సికో పల్లెలకు సేవ చేయడానికి వచ్చిన అమెరికా విద్యార్థులతో మొహం మీదే మాట్లాడాడు. మీరు మేలు చేయడానికి రావద్దు, చూడటానికి, చదువుకోవడానికి రండి అన్నది ఆయన మాటల సారాంశం. బయటి దేశపు డబ్బున్న పిల్లలకు ఆ మాట సరిగ్గా సరిపోతుంది. మన పిల్లల విషయంలో సగమే సరిపోతుంది. ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో డిగ్రీ చదివే పిల్ల ఈ ఊళ్ల పిల్లే. వాళ్లమ్మ ఇదే ఉపాధి పనికి పోతుంది. ఆమె సర్వే చేసేది తన బంధువుల ఇళ్లలో. కాబట్టి ఊరు మనకు కొత్త అన్నట్టు రాసిన గైడ్‌లైన్లు ఆమెకు పనికిరావు. ఆమెకు ఇంకో రకం కష్టముంది. ఎస్సీ వీధి నుంచి వచ్చిన అమ్మాయి ఫారం పట్టుకొని ఊళ్లోకి పోతే వాకిట్లోనే నిలబెట్టి జవాబు చెప్పేవాళ్లున్నారు. ఊరి అబ్బాయి ఎస్టీ కాలనీకి పోతే మంచం వాల్చి కూర్చోబెడతారు. ఇద్దరూ 180 గంటలే చేశారు, ఇద్దరి లాగ్‌బుక్కులోనూ 'ఇరవై ఇళ్లు సర్వే చేశాను' అనే ఉంటుంది. నేను మెంటర్లను ఒకటే కోరుతున్నాను. సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి, ఈరోజు ఏ వీధికి ముందు పోయావు, ఎవరింట్లో కూర్చున్నావు, ఎవరింట్లో మంచినీళ్లు తాగావు, ఎందుకు తాగలేదు అని అడగండి. ఆ గంట పాటు నడిచే మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు. కొందరు పిల్లలు ఏడుస్తారు. కొందరు మొదటిసారి తమ ఇంటి గురించి ఆలోచిస్తారు. మన జిల్లాలోనే అలగానిపాడులో భూమి ఉన్న ఇంట్లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు, 1930లో మద్రాసులో కాలేజీ చదువు విడిచి సత్యాగ్రహంలోకి పోయి, తిరిగొచ్చి తన సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్నలు బయటివాళ్లకు వేసినవి కావు.

యానాదుల గురించి చెప్పకుండా నెల్లూరు జిల్లాలో న్యాయం మాట ఎత్తకూడదు. చెరువు కట్టల మీద, కాలువ పక్కన, పోరంబోకులో గుడిసెలు వేసుకొని బతికే కుటుంబాలు. బ్రిటిష్‌వాళ్లు వీళ్లలో కొందరిని నేరస్థ జాతుల చట్టం కింద చేర్చారు. ఆ ముద్ర తీయించడానికి, వీళ్లను సంఘటితం చేయడానికి వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది. ఆయనకు 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. చట్టం పోయినా కాగితం కష్టం పోలేదు.

ఒక యానాది కుటుంబంలో పిల్లకు ఆధార్ లేదనుకోండి. సేవకు వచ్చిన విద్యార్థులు సాధారణంగా ఏం చేస్తారు? నోటు పుస్తకాలు, దుప్పట్లు పంచుతారు. దుప్పటి మంచిదే, చలికి కావాలి. కాని ఆ పిల్ల వెంట కాగితం కోసం నడిచి చూడమనండి. ఆధార్‌కు పుట్టిన సర్టిఫికెట్ అడుగుతారు. పిల్ల గుడిసెలోనే పుట్టింది, ఎక్కడా రాయలేదు. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయాలంటే ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. మన ఆర్డీవో ఆఫీసు ఆత్మకూరులో. తండ్రి ఒక రోజు కూలి మానుకొని పోవాలి, చార్జీలు పెట్టుకోవాలి, పోయిన రోజు సారు క్యాంపులో ఉంటే ఇంకో రోజు పోవాలి. సాక్షులు కావాలి, అడ్రసు రుజువు కావాలి. చెరువు కట్టకు ఇంటి నంబరు ఉండదు. కులం సర్టిఫికెట్ దగ్గర మళ్లీ ఇదే. ఇవేవీ లేకపోతే రేషన్ కార్డులో పేరెక్కదు, హాస్టల్లో సీటు దగ్గర చిక్కు, స్కాలర్‌షిప్ దగ్గర చిక్కు. ఒక విద్యార్థి ఒక్క పిల్ల కాగితం వెంట గ్రామ సచివాలయం నుంచి తహసీల్దారు ఆఫీసుకు, అక్కణ్ణించి ఆర్డీవో ఆఫీసుకు నడిస్తే, ఏ రోజు ఎవరేమన్నారో తేదీతో సహా రాసుకుంటే, పరిపాలనా శాస్త్రం, అర్థశాస్త్రం, సమాజ శాస్త్రం మూడూ ఒకేసారి తెలుస్తాయి. పైగా ఆ పిల్లకు కాగితం చేతికొస్తుంది. చదువు, సేవ, న్యాయం వేరువేరు పీరియడ్లు కానక్కర్లేదు.

పేదవాళ్లకు తెలియక పథకాలు అందడం లేదని మనం అనుకుంటాం. తెలియకపోవడం కొంత ఉంది. తెలిసి కూడా ఆ తిరుగుడు తిరగలేక వదిలేసుకోవడం ఎక్కువ. అది పక్కన నడిచి చూసినవాడికే అర్థమవుతుంది.

ఇప్పుడు నా ప్రతిపాదనకు వస్తాను. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, మన రాష్ట్రంలో ఇప్పటికే నడిచిన పద్ధతి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయింది. ఆ చట్టం 17వ సెక్షను, పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. అనేక రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచాయి. మన రాష్ట్రం నిజంగా చేసి చూపించింది. కూలి కుటుంబాల నుంచి వచ్చిన చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, వాళ్ల చేతికే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, ఇచ్చారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, మస్టరులో ఉన్న పేరునూ పాస్‌బుక్కులో ఉన్న డబ్బునూ మనిషి చెప్పిన మాటతో సరిచూశారు. కాలువ కొలిచారు. తర్వాత గ్రామసభలో అందరి ముందూ బిగ్గరగా చదివారు. ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక.

నేను చూసిన ఒక గ్రామసభలో, బడి ఆవరణలో వేపచెట్టు కింద, ఒక కుర్రవాడు మస్టరు చదువుతున్నాడు. ఫలానా వారం, ఫలానా పని, ఫలానా ఆమె ఆరు రోజులు. ఆ ఆడమనిషి చటుక్కున లేచి, 'ఆ వారం నేను ఊళ్లోనే లేను. కూతురు కాన్పుకని పొయ్యుండా. నా పేరు ఎట్టా రాసినారు?' అంది. ఒక్కసారి సభంతా సద్దుమణిగింది. రాసినవాళ్లు అక్కడే కూర్చొని ఉన్నారు. చదువుతున్న కుర్రవాడి చేతులు వణికాయి, ఎందుకంటే అది వాడి సొంత మండలం, వాళ్లంతా వాడికి తెలిసినవాళ్లే. అయినా తర్వాతి పేరు చదివాడు. ఆ మధ్యాహ్నం వాడికి దొరికిన చదువును నేను ముప్పై గంటల తరగతుల్లో ఇవ్వలేను. పోయిన డబ్బంతా తిరిగి రాలేదన్న విమర్శ సామాజిక తనిఖీ మీద ఉంది, అది సబబే. కాని తన పేరు మీద ఏం రాశారో పదిమందిలో వినే హక్కు, కాదని లేచి నిలబడే హక్కు ఒక కూలి మనిషికి అక్కడ దక్కింది.

మన విద్యార్థుల సర్వేకు కూడా ఇదే కట్టుబాటు కావాలి. రిపోర్టు కాలేజీకి చేరేముందు ఊళ్లో చదవాలి. గ్రామసభలో చదివితే మంచిది. గ్రామసభలు చాలా చోట్ల సంతకాల పుస్తకాలుగా మారాయని నాకు తెలుసు. అట్లాంటి చోట పొద్దుగూకినాక, కూలికి పోయినవాళ్లు ఇళ్లు చేరినాక, ఎస్సీ కాలనీలోనో ఎస్టీ కాలనీలోనో చెట్టు కింద చదవండి. రాత్రిబడి ఆ వేళకే ఎందుకు పెట్టారో మాస్టారి తరానికి తెలుసు. 'ఈ ఊళ్లో ఇన్ని బోర్లు, అందులో ఇన్ని ఈ వీధిలో, ఈ వీధిలో ఒక్కటీ లేదు' అని మీరు చదివితే ఎవరో ఒకరు లేచి 'అది తప్పు, ఇంకోటి ఉండాది, తాళం వేసుండాది' అంటారు. అప్పుడు మీ రిపోర్టు నిజమవుతుంది. జిరాక్స్ షాపు రిపోర్టు ఆ చెట్టు కింద ఒక్క నిమిషం నిలబడదు.

అధ్యాపక మిత్రులు భయపడుతున్నారని తెలుసు. ఇది రాజకీయమవుతుంది, ఊరి పెద్దలు ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తారు, పిల్లలకు ఇబ్బంది వస్తుంది అంటారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే జాగ్రత్త కావాలి. ఎవరి ఇంటి సంగతీ పేరుతో చదవకూడదు. ఎవరి ఫొటో అయినా అడిగే తీయాలి, దుప్పటి అందుకుంటున్న చేతులతో సెల్ఫీలు పూర్తిగా మానేయాలి. ఆడపిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. ఒక్క విద్యార్థి నిలబడి చదవడం కాకుండా జట్టుగా చదవాలి, పక్కన మెంటరు నిలబడాలి. పిల్లల్ని ముందుకు తోసి మనం స్టాఫ్ రూములో కూర్చోవడం న్యాయం కాదు. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ఊళ్లో నీళ్ల లెక్క ఊళ్లో చదవడం కొందరికి కష్టంగా తోస్తే, ఆ కష్టాన్ని కాలేజీ భరించాలి. అక్షరదీపం వాలంటీర్లు సారా కాంట్రాక్టర్ల మధ్యనే పలకలు పంచారు.

ఇంకో మాట. ఏటా ఒక కొత్త ఊరు పట్టుకోవడం మానండి. మూడేళ్లు, ఐదేళ్లు ఒకే ఊళ్లో పని చేయండి. కొత్త బ్యాచి మొదటి పని పాత బ్యాచి రిపోర్టు తీసి, పోయినేడు మనవాళ్లు ఏం రాశారు, అందులో ఏది కదిలింది, ఏది కదల్లేదు అని ఊరిని అడగడం కావాలి. అప్పుడు ఆ అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఊరి కాగితాలు ఊళ్లోనే, సచివాలయంలో ఒక కాపీ, బడిలో ఒక కాపీ ఉంటాయి.

ఉన్నత విద్యామండలికి, మన విక్రమ సింహపురి యూనివర్సిటీకి ఈ వేదిక నుంచి నా విన్నపం: ఈ ప్రాజెక్టుకు ఉన్న 4 క్రెడిట్లలో ఒకటి ఊళ్లో రిపోర్టు చదివినందుకే కేటాయించండి. గ్రామస్థులు ఏం సరిదిద్దారో రాసిన పేజీ లేకపోతే ఆ రిపోర్టు తీసుకోవద్దు. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

విద్యార్థులారా, సర్క్యులర్ వచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఈ వేసవిలో మీ ఊరికి పోయినప్పుడు రిపోర్టు బైండింగుకు ఇచ్చే ముందు ఒక సాయంత్రం దాన్ని మీ కాలనీలో చదవండి. మీ అధ్యాపకులు తోడు రాకపోతే నాకు కబురు చేయండి, నేను వచ్చి పక్కన నిలబడతాను.